తరుగు

పొద్దున రైలు కాడ
ఆదోని టేషన్లో ముగ్గురు ముసలోళ్లు నిలబడినారు.
ఒకని చేతిలో ఎర్రజెండా,
ఉతికి ఉతికి ఇటుకపొడి రంగుకు దిగింది.
ఇంకొకని చేతిలో బస్తాల కొక్కెం,
తుప్పు గీకి నూనె పూసి తెచ్చినాడు.
మూడోవానికి చూపు ఆనదు,
బోగీ బోగీ కాడికీ పోయి
"ఉరుకుందూ, ఓ ఉరుకుందూ" అని పిలిచినాడు.

రెండు నిమిషాలు ఆగి రైలు గుంతకల్లు దిక్కు పోయింది.

ఉరుకుందు దిగింది మా జిన్నింగు మిల్లు ముందర.
తెల్లకారు. మాధవరం బ్రిడ్జి దాటించి
తోలుకొచ్చింది మా డ్రైవరే.
కొట్రేశప్ప సావుకారి ఎదురుపోయి శాలువా కప్పినాడు.
ఆ శాలువాకు చీటీ రాసింది నేను:
ఎనిమిదొందల యాభై, మర్యాద ఖర్చు.

పదహారేండ్ల కింద ఇదే గేటు కాడ
బస్తాకు ముప్పై పైసలు పెంచమని
నలభై రెండు దినాలు కాటా ఆపినోడు.
క్వింటాలుకు రెండు కిలోలు తరుగు తీస్తే
రైతును పక్కన నిలబెట్టుకుని
"మళ్లీ తూకమెయ్" అన్నోడు.
ఆ మాటకు నా చేతిలో కలం
ఎన్ని తూర్లు వణికిందో లెక్క రాయలేదు.

పత్తి గోదాము కాలిన రాత్రి
ఉరుకుందు కౌతాళంలో పెండ్లి పందిట్లో ఉన్నాడు.
నాకెట్ల తెలుసంటే
నా పక్కనే కూచుని ఓళిగలు తిన్నాడు,
నెయ్యి చాలలేదని వడ్డించేటోన్ని తిట్టినాడు.
పోలీసు టేషన్లో ఇచ్చిన కాయితం మాత్రం
నా చేతిరాతే.

షోలాపూరుకు పారిపోయినాడని ఊరంతా అనుకున్నారు.
మూడో నెల నుంచి మా చిట్టాలో ఒక పద్దు మొదలైంది:
ఎలుకల మందు, పదిహేనొందలు.
మనియార్డరు ఫారాలు నేనే నింపితి.
ఇన్ని ఎలుకలు యాడుండాయని ఆడిటరు అడిగినప్పుడు
పత్తి కదా సార్, అంటి.
ఏడో ఏట కేసు కొట్టేసినారు.
ఆ సంగతి అతనికి తెలుసో లేదో నాకు తెలీదు.
ఎలుకల మందు మాత్రం ఆగలేదు.
సావుకారి రానీయలేదా, అతనే రాలేదా,
రాత్రిళ్లు ఇది నేను కూడుతాను, తీసేస్తాను,
శేషం మిగిలిపోతాది.

తాయమ్మ మిల్లు లోపలికి రాలేదు.
యార్డులో రాలిన పత్తి ఊడ్చి ఏరుకుని
ఇద్దరు పిల్లల్ని సాకిన మనిషి.
చేతిలో చీపురుతోనే గేటు బయట నిలబడి
"తోలుకొచ్చినోళ్ల ఇంట్లోనే తిను.
మాపటికి రొట్టెలు ఒకరికే తట్టినా" అనింది.
ఆమెకు ఏం చెప్పల్లో తెలీక
ఉరుకుందు తుమ్మినాడు.
పత్తి దుమ్ము. అలవాటు తప్పింది కదా.

తర్వాత మైకులో మాట్లాడినాడు.
హమాలీ, సావుకారి రెండెద్దులంట, ఒకటే కాడి అంట.
యార్డు చైర్మన్ పేరు ఇంగా పైనుంచి రాలేదు గానీ
గది సున్నం మాత్రం నిన్ననే కొట్టించినాము.

ఆఖర్న బెల్లంతో తులాభారం అన్నారు.
త్రాసు యాడ తెచ్చేది?
మా ప్లాట్‌ఫారం కాటా మీదనే నిలబెట్టినారు,
అప్పట్ల అతను ఆపిన కాటానే,
ముల్లు తీసేసి అంకెల డబ్బా పెట్టించినాము, అంతే.
"ఎంతప్పా గుమస్తా?" అన్నాడు సావుకారి.
డెబ్బై నాలుగు.
చేతికి అలవాటు, ఏం చేసేది,
డెబ్బై రెండు అని రాసినా.

ఉరుకుందు నా భుజం మీదుగా చిట్టా చూసినాడు.
ఆ అంకె చూసినాడు.
నా మొగం చూసినాడు.

నేను కలం ఎత్తి పట్టుకుని
ఆ మాట కోసరం చూస్తాన్నా.
బయట ఎవరో కొక్కెంతో
గేటు ఇనుము మీద కొడతాండారు.
"బెల్లం తెప్పీయండి" అన్నాడు అతను.